తిరుగు రాయి అవతల దోసపాదు

అనగనగా ఒక అడవిలో, ఒక వాగు ఒడ్డున, కూలిపోయిన మద్దిచెట్టు మాను ఒకటి ఉండేది. మన కంటికి అది మాను. నత్తలకి అది ఊరు. దాని తొర్రలో మూడువందల నలభై నత్తలు కాపురముండేవి.

నత్తల సంగతి మీకు తెలుసో లేదో, చెబుతాను వినండి. వాటికి వానాకాలమే కాలం. మృగశిర కార్తెలో తొలి చినుకు పడగానే లేస్తాయి. చిత్త కార్తె వెళ్ళేలోగా తొర్రకి చేరి, మానుకి అతుక్కుని, గుల్ల మూతికి సున్నంలాంటి తెల్లటి మూత బిగించుకుని పడుకుంటాయి. మళ్ళీ మృగశిరకే మెలకువ. ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల ఆ తొర్ర తప్ప చల్లటి చోటు లేదు. బయట చిక్కుకున్న నత్త గుల్లలోనే వేగిపోతుంది. అప్పడం వేగినట్టు అని నేను చెప్పను, మీరు భయపడతారు.

లెక్క చూడండి. వాటి వానాకాలం పది కార్తెలు, కార్తె అంటే దాదాపు రెండు వారాలు. వెళ్ళడానికి ఐదు, రావడానికి ఐదు. ఐదు కార్తెలు వాగు వెంట ఎగువకి పాకితే ఒక నల్లరాయి వస్తుంది. దాని పేరు తిరుగు రాయి. మఖ కార్తె పుట్టేసరికి అక్కడ ఉండాలి, పుట్టగానే వెనక్కి తిరగాలి. రాయి దాటి జానెడు ముందుకి పోతే, ఆ జానెడూ మళ్ళీ వెనక్కి రావాలి కదా. ఆ రెండు జానల ఆలస్యానికి ఎండ ఊరుకోదు. దాటిన నత్త ఒక్కటీ ఇల్లు చేరలేదు.

మీరూ నేనూ అయితే మాను దగ్గర బయల్దేరి, ఆ రాయి ముట్టుకుని వచ్చేలోగా పొయ్యి మీద పప్పు కూడా ఉడకదు. అయినా నవ్వకండి. మనకీ ఎక్కడో ఒక తిరుగు రాయి ఉండే ఉంటుంది. ఆ సంగతి ఇప్పుడెందుకు.

మరి కొంగ ఎగురుతుంది కదా, దాన్ని అడగొచ్చు కదా అంటారు. ఒక నత్త అడిగింది. ఆ నత్త మళ్ళీ కనిపించలేదు. కప్పని కూడా అడిగారు. "రాయి అవతల కూడా నీళ్ళే, నీళ్ళ మీద దోమలే. ఇంకేం కావాలి మీకు?" అంది కప్ప. దానికి కావలసింది దానికి కనిపించింది, మిగతాది కనిపించలేదు.

అందుకని ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏటా ఒక నత్తని చూపరిగా ఎంచి పంపేవారు. చూపరి పని ఒకటే. తిరుగు రాయి ఎక్కడం, కొమ్ములు చాచి అవతలికి చూడడం, తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పడం. అంత దూరం పోయి వచ్చినందుకు ఆ ఎండాకాలం తొర్రలోకెల్లా చల్లటి లోగది చూపరికే ఇచ్చేవారు.

పన్నెండేళ్ళలో పన్నెండు మంది చూపరులు వెళ్ళొచ్చారు. పన్నెండు మందీ ఒక్కటే మాట చెప్పారు.

"రాయి ఉంది. రాయి అవతల మసక. మసకలోంచి నీళ్ళొస్తున్నాయి."

నత్త చూపు బారెడు దాటదు మరి, పాపం ఇంకేం చెబుతాయి? ఊరంతా విని, ఆవలించి, మూతలు బిగించుకునేది.

పదమూడో ఏడు జిగటయ్య వంతు వచ్చింది. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అంటారే, అది జిగటయ్యని చూసే పుట్టిందేమో. పైగా అతనికి ఉన్నదే ఒక్క కాలు.

మృగశిరలో ఊరంతా సాగనంపింది. చెల్లెలు మెత్తమ్మ తన అరవై మంది పిల్లల్నీ వరసగా నిలబెట్టి, "మావయ్యకి దణ్ణం పెట్టండ్రా" అంది. జిగటయ్య కొమ్ములెగరేసుకుంటూ బయల్దేరాడు. ఆరుద్ర వెళ్ళేసరికి దారిలో ఒక చూరు బండ కనిపించింది. బండ కింద తెల్లగా, బొద్దుగా పుట్టగొడుగులు.

"రెండు తిని వెళ్దాం" అనుకున్నాడు. తిన్నాడు. "వాన తగ్గాక వెళ్దాం" అనుకున్నాడు. వాన తగ్గాక, "ఆ రాయినీ ఆ మసకనీ పన్నెండు మంది చూశారు, పదమూడో వాడు చూడకపోతే కొంప మునుగుతుందా?" అనుకున్నాడు. మఖ పుట్టేదాకా అక్కడే మేసి, తీరిగ్గా వెనక్కి తిరిగాడు.

తిరిగొచ్చేటప్పుడు అతనికి ఒక్కటే దిగులు. రాయి, మసక, నీళ్ళు. ఆ మాట తనూ చెబితే ఊరు ఆవలిస్తుంది. జిగటయ్య మాట్లాడుతుంటే ఎవరైనా ఆవలించడం అతను భరించలేడు.

"ఏం చూశావురా?" అని అడిగింది గుల్లవ్వ. ఆవిడ ఊళ్ళోకెల్లా పెద్దది. గుల్ల అంచు అరిగిపోయింది గానీ నాలుక అరగలేదు.

"రాయి దాటి వెళ్ళానవ్వా. అవతల దోసపాదు ఉంది" అన్నాడు జిగటయ్య.

ఊరంతా కొమ్ములు చాచింది. ఎప్పుడో ఎవరో దారినపోయేవాళ్ళు వాగులో పారేసిన దోసముక్క ఒకటి ఆ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దాన్ని తిన్నవాళ్ళు దాని రుచి చెప్పి చెప్పి చచ్చిపోయారు. చెప్పగా విన్నవాళ్ళు ఇంకా చప్పరిస్తూనే ఉన్నారు.

"దాటి వెళ్ళినవాడివి మూడు కార్తెలు ముందే ఎలా ఊడిపడ్డావు?" అంది గుల్లవ్వ.

"ఆకు మీద కూర్చుని వాగులో దిగొచ్చాను."

"వాగులో ఆకెక్కినవాడు మాను దగ్గర దిగడురా అబ్బాయి, కిందికే పోతాడు. మా పెదనాన్న అలాగే పోయాడు."

"మీ పెదనాన్నకి దిగడం చేతకాలేదు. నాకు చేతనైంది" అన్నాడు జిగటయ్య. అది రెండో అబద్ధం. మొదటిదాన్ని నిలబెట్టడానికి పుట్టింది కాబట్టి దాన్ని మనం కాస్త క్షమించొచ్చు. మూడోదాన్ని క్షమించడం కష్టం.

మెత్తమ్మ పెద్దకూతురు అడిగింది. "మావయ్యా, అక్కడ నత్తలున్నాయా?"

"ఎందుకుండవమ్మా? బోలెడు. ఎవరికీ మూతలు లేవు. మూతలెందుకూ? అక్కడ ఎండాకాలమే లేదు."

ఎవరూ ఆవలించలేదు. జిగటయ్యకి ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతలో తనేం అన్నాడో అతనికి వెంటనే తట్టలేదు.

లోగదిలో మూత బిగించుకున్నాక తట్టింది. ఎండాకాలం లేని ఊరుంటే ఇక తిరిగి రావలసిన పనేముంది? చల్లటి గదిలో, చిమ్మచీకట్లో, అతను ఆ ఎండాకాలమంతా కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. బయటినుంచి గోడల మీదుగా ఊరి గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి. నిద్రలో కూడా అందరూ దోసకాయలే పలవరిస్తున్నారు.

మృగశిర వచ్చింది. తొలి చినుకుకి మూతలు టపటపా ఊడిపడ్డాయి. ఊరు మొత్తం ప్రయాణమైంది. సర్దుకోడానికి ఏముంది, ఇల్లు వీపు మీదే. "జిగటయ్యే దారి చూపాలి" అన్నారందరూ. గుల్లవ్వ కూడా బయల్దేరింది.

"నువ్వెందుకవ్వా, ఈ వయసులో?" అన్నాడు జిగటయ్య.

"మానులో ఒక్కదాన్నీ ఉండి ఎవరితో పోట్లాడనురా" అంది గుల్లవ్వ. దారి పొడుగునా అతని పక్కనే పాకింది.

ఆరుద్రలో చూరు బండ వచ్చింది. బండ కింద వాన పడదు. పోయినేటి జిగురు చార ఎండి, వెండిలా మెరుస్తూ ఉంది. ఒక్క నత్త చార. వచ్చింది, పుట్టగొడుగుల చుట్టూ నలభైసార్లు తిరిగింది, వచ్చినదారినే పోయింది.

గుల్లవ్వ కొమ్ములు వంచి చూసింది. "ఎవరో ఇక్కడిదాకా వచ్చి, బాగా మేసి, వెనక్కి పోయినట్టుందిరా."

"ఎవరో పోకిరి నత్త అయ్యుంటుందవ్వా."

"అయ్యుంటుంది. మరి నీ చార ఏదిరా?"

"వాన కడిగేసింది."

"నీదొక్కటే కడిగింది కాబోలు. వానకి కూడా పక్షపాతమే" అంది గుల్లవ్వ.

పునర్వసులో ఒక పెద్ద బండ అడ్డమొచ్చింది. "పోయినేడు ఎటునుంచి ఎక్కావురా?" అంది గుల్లవ్వ.

"కుడివైపు నుంచి" అన్నాడు జిగటయ్య గట్టిగా.

"కుడివైపు నీళ్ళు ధారకట్టి దూకుతున్నాయి కదరా."

"అందుకే ఈసారి ఎడమవైపు ఎక్కుదాం అంటున్నాను."

వెనకాల మెత్తమ్మ పిల్లలతో అంటోంది. "చూశారా, మావయ్యకి ఎంత అనుభవమో." ఆ మాట జిగటయ్యకి ఉప్పు చల్లినట్టు మండింది. నత్తకి ఉప్పు అంటే ఏమిటో మీకు తెలుసుగా.

ఆశ్లేషలో, అందరూ నాచు మేస్తుండగా, గుల్లవ్వ గొంతు తగ్గించి అడిగింది. "రేపో మాపో వస్తుంది. ఆ రాయి ఎలా ఉంటుందిరా?"

జిగటయ్య చాలాసేపు ఆలోచించాడు. "రాయిలాగే ఉంటుందవ్వా."

గుల్లవ్వ గుల్ల అదిరేలా నవ్వింది. "ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పావు."

"నీకంతా తెలుసు" అన్నాడు జిగటయ్య. అతని కొమ్ములు రెండూ లోపలికి పోయాయి. "మరి నువ్వే చెప్పేయొచ్చు కదా అవ్వా."

"నేను చెబితే, ముసలిదానికి అందని దోసకాయ పుల్లన అంటారు. కట్టినవాడే విప్పాలిరా ముడి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నిజానికి కూడా తిరుగు రాయి ఉంటుంది. అది దాటాక చెప్పినా లాభం లేదు."

మఖ పుట్టిన రోజు పొద్దున్నే తిరుగు రాయి వచ్చింది. నల్లగా, తడిగా, నిజంగానే రాయిలాగే ఉంది. దాని మీద పన్నెండు మంది చూపరులూ వచ్చిన గుర్తుగా పళ్ళతో రాకిన గీతలు వరసగా ఉన్నాయి. పదమూడోది లేదు. అవతల మసక. మసకలోంచి నీళ్ళు వస్తున్నాయి.

మెత్తమ్మ పెద్దకూతురు అప్పటికే రాయి ఎక్కేసింది. "మావయ్యా, దిగనా?" అంది. వెనక యాభైతొమ్మిది మంది వరసలో ఉన్నారు. వాళ్ళ వెనక ఊరంతా ఉంది.

జిగటయ్యకి ఆ క్షణంలో ఒక దొంగ ఆలోచన వచ్చింది. అందరినీ ముందుకి పంపి, తను మెల్లగా వెనక పడిపోవచ్చు. ఒంటరిగా ఇల్లు చేరొచ్చు. తొర్ర నిండా లోగదులే, ఎందులో కావాలంటే అందులో పడుకోవచ్చు. ఆ ఖాళీ తొర్ర కళ్ళకి కట్టింది.

గబగబా రాయి ఎక్కాడు. గబగబా అంటే నత్త గబగబా. పిల్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను ఇక్కడికి రాలేదు" అన్నాడు. "పోయినేడు చూరు బండ దగ్గర పుట్టగొడుగులు తిని వెనక్కొచ్చాను. దోసపాదు లేదు. నత్తలు లేవు. ఎండాకాలం లేకపోవడం లేదు. అంతా నా నోటి తీట. దాటితే చస్తారు. తిరగండి."

ఊరు ఒక నిమిషం గుడ్లప్పగించి చూసింది. తర్వాత ఏమైందనుకుంటున్నారు? తిట్టారనుకుంటున్నారు కదూ. కాదు, నవ్వారు.

"ఆహా, ఎంత తెలివి" అన్నాడు వెనకనుంచి ఒక లావుపాటి నత్త, పేరు డొప్పయ్య. "పాదు దగ్గరికొచ్చాక లేదంటున్నాడు. కాయలన్నీ ఒక్కడే మెక్కుదామని."

"అవును, వాడి మొహం చూడండి, దాస్తున్నాడు" అన్నారు పదిమంది. ఏడాదిపాటు అబద్ధాన్ని ముద్దుచేసి పెంచుకున్నవాళ్ళు, నిజం వచ్చి తలుపు తడితే ఎవరు నువ్వంటారు మరి. గుల్లవ్వ చూరు బండ కింద చార సంగతి చెప్పింది. ఆవిడ అన్నట్టే, దోసకాయ పుల్లన అన్నారు.

ఆ వాదులాటలో సగం రోజు పోయింది. సగం రోజంటే ఎంతో మీకు ఇప్పుడు తెలుసు.

సరిగ్గా అప్పుడే మసకలోంచి ఏదో తేలుతూ వచ్చింది. పసుపుపచ్చగా, వంకరగా, గిరగిరా తిరుగుతూ వచ్చి, రాయి పక్కన సుడిలో చిక్కుకుంది.

దోసకాయ తొక్క.

జిగటయ్య ప్రాణం గుల్లలోకి జారిపోయింది. అబద్ధాలకి కూడా ఒక్కోసారి అదృష్టం పడుతుంది, ఖర్మ.

"చూశారా?" అని డొప్పయ్య కేకపెట్టాడు. "పాదు ఉంది. తొక్క మీద రాకిన గీతలు చూడండి, అవి నత్త పళ్ళవే. నత్తలూ ఉన్నాయి. వీడు చెప్పిందంతా నిజం. వీడే అబద్ధాలకోరు." ఆ మాటలో తిరకాసు ఎవరికీ పట్టలేదు. ఊరంతా రాయి మీదికి తోసుకొచ్చింది.

తొక్క సుడిలో ఇంకోసారి తిరిగింది. దాని లోపలివైపు తెల్లగా ఏదో అంటుకుని ఉంది. జిగటయ్య చూశాడు. చూసినవాడు ఇక ఆగలేదు. పాదం చివర రాయికి అంటించి, ఒళ్ళంతా చాచి, నీళ్ళ మీదికి వంగాడు. అందలేదు. ఇంకా వంగాడు. వాగు అతని మెడ పట్టుకుని గుంజింది. పాదం రాయి మీద జారడం మొదలైంది.

వెనకనుంచి ఎవరో అతని గుల్ల మీద బరువుగా అతుక్కున్నారు. మెత్తమ్మ.

"పిల్లల్ని చంపబోయావు. నీ మొహం చూడాలని లేదు" అంది మెత్తమ్మ. ఏడుస్తోంది. "కానీ నువ్వు కొట్టుకుపోతే చూడలేను. త్వరగా లాగు."

జిగటయ్య తొక్క అంచు కరిచి లాగాడు. రాయి మీద పరిచాడు. తెల్లటిదాని మీద కొమ్ము పెట్టి చూపించాడు.

"ఇదేమిటో చెప్పండి" అన్నాడు.

ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మూడువందల నలభై మందీ ఏటా మృగశిరలో ఊడగొట్టుకునేదే. సున్నంలాంటి గుండ్రటి మూత. అంచున కొంచెం విరిగింది.

"మూత ఉందంటే ఎండాకాలం ఉంది" అన్నాడు జిగటయ్య. "వాళ్ళూ మనలాగే వానకి లేస్తారు, మనలాగే ఎండకి బిగించుకుంటారు. నేను చెప్పిన ఊరు వేరు. ఈ ఊరు వేరు. ఇది నిజంగా ఉంది."

"ఉంటే వెళ్దాం" అన్నాడు డొప్పయ్య. కానీ గొంతులో ముందున్న జోరు లేదు.

గుల్లవ్వ తొక్కని వాసన చూసింది. "దీని మీద పాచి ఎంత మందాన పట్టిందో చూడు నాయనా. మూత మృగశిరలో ఊడింది. ఇవాళ మఖ. పరిగెత్తే నీళ్ళకే ఐదు కార్తెలు పట్టింది. మనం పాకేవాళ్ళం. దీన్ని తిన్నవాళ్ళు ఇప్పుడున్నారో లేదో కూడా మనకి తెలీదు. మనం చూస్తున్నది వాళ్ళని కాదు, వాళ్ళ మృగశిరని."

అందరి కొమ్ములూ మసకవైపు తిరిగాయి. మసక అలాగే ఉంది. మెత్తమ్మ చిన్నకొడుకు అడిగాడు. "మనం ఇక్కడున్నామని వాళ్ళకి చెప్పలేమా?"

"నీళ్ళు పైకి పారవు నాన్నా" అంది గుల్లవ్వ.

ఆ మాట అక్కడ చాలామందికి గుండెల్లో తగిలింది. దోసకాయ పోయినందుకు కాదు. అవతల ఎవరో ఉన్నారు, ఉన్నారని తెలిసింది, తెలిసిందని చెప్పే దారి లేదు. డొప్పయ్య తొక్క దగ్గరికొచ్చి, ఎవరో రాకిన గుర్తు పక్కన ఒక్కసారి మెల్లగా రాకాడు. రుచి ఏమీ లేదు, వట్టి పాచి. అయినా బాగుందన్నాడు.

ఊరు వెనక్కి తిరిగింది.

పోగొట్టుకున్న సగం రోజు దారంతా వాళ్ళ వెంటపడింది. చిత్త చివరి రోజున ఎండ చుర్రుమంది. మాను ఇంకా నాలుగు బారల దూరంలో ఉంది. జిగటయ్య అందరికంటే వెనక, వీపు మీద మెత్తమ్మ పిల్లల్లో నీరసించిన ముగ్గుర్ని ఎక్కించుకుని, ఎండిన జిగురుతో గీరుకుపోతూ పాకాడు. చివరి నత్త తొర్రలో పడేసరికి మధ్యాహ్నమైంది. ఆ చివరి నత్త అతనే. మూడువందల నలభై మందీ చేరారు.

లోగది ఎవరికివ్వాలని అడిగితే, "గుల్లవ్వకి" అన్నాడు జిగటయ్య. తను తొర్ర గుమ్మంలో, పడమటి ఎండ తగిలే చోట అతుక్కున్నాడు. వేగాడు. అయినా ఆ ఏడాది హాయిగా నిద్రపోయాడు.

ఆ తర్వాత ఏటా అతనే చూపరి. అది శిక్షా, గౌరవమా అని ఎవరూ తేల్చలేదు. ఏటా తిరుగు రాయిదాకా వెళ్ళి, రాకి, తిరిగొచ్చి చెప్పేవాడు.

"రాయి ఉంది. రాయి అవతల మసక. మసకలోంచి నీళ్ళొస్తున్నాయి."

మాట పాతదే. కానీ ఇప్పుడు ఎవరూ ఆవలించేవారు కాదు. "నీళ్ళలో ఏమైనా వచ్చిందా?" అని అడిగేవారు. చాలాసార్లు ఏమీ రాలేదు. రాలేదనే చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు అతని నాలుక ఎంత దురదపెట్టేదో గుల్లవ్వకి ఒక్కదానికే తెలుసు.

ఒక మృగశిరలో జిగటయ్య తన ఊడిన మూత తీసుకుని, బాగా రాకిన ఒక ఆకుకి జిగురుతో అంటించి, వాగులోకి తోస్తున్నాడు. ఆకు మాను దాటి దిగువకి పోయింది.

"ఎవరికిరా అది?" అంది గుల్లవ్వ.

"మనకి పైన ఎవరో ఉన్నప్పుడు, కింద కూడా ఎవరో ఉంటారు కదవ్వా. వాళ్ళకీ ఒక రాయి ఉంటుంది. ఆ రాయి మీద నాలాంటివాడొకడు నిలబడి, అవతల ఎండాకాలమే లేదని కోతలు కోస్తూ ఉంటాడు." జిగటయ్య ఆకు మలుపు తిరిగేదాకా చూశాడు. "వాడు దొరికిపోవాలి."

నీతి: కంటికి ఆనినదంతా కాలికి అందదు; అందని చోటు గురించి 'తెలియదు' అన్నవాడు ఊరిని ఇల్లు చేరుస్తాడు, 'చూసొచ్చాను' అని కోతలు కోసినవాడు ఊరిని ఎండలో నిలబెడతాడు.